గంగా చెప్పని మాట

భాద్రపదంలో వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం గంగా భార్య భీమే వచ్చి శ్రీరంగం కొట్టు ముందు నిలబడింది. ఐదేళ్లుగా ఆ మనిషి ఆ కొట్టు వైపు కన్నెత్తి చూసింది లేదు. చిటికెడు ఉప్పు కావాలన్నా బజారు ఆ చివరకి నడిచిపోయి కొనుక్కునేది. అందుకే ఆమెని చూడగానే శ్రీరంగం గుండె జారిపోయింది. లేచి నిలబడ్డాడు గాని రమ్మనడానికి నోరు పెగల్లేదు. భోపాల్‌పట్నంలో శ్రీరంగం నోరు పెగలకపోవడమంటే చెప్పుకోదగ్గ సంగతే.

తెలుగు, హిందీ, హల్బీ, దోర్లీ నాలుగూ అతనికి నీళ్లు తాగినట్టు వచ్చు. తండ్రి జమీందారు కచేరీలో దుబాసీ. బస్తరు సంస్థానం విలీనమయ్యాక కచేరీ పోయింది గాని దుబాసీ పని పోలేదు, పార్టీ రూపంలో కొడుకు చేతికొచ్చింది. జగదల్‌పూర్ నుంచి నాయకులొస్తారు, హిందీలో మాట్లాడతారు. శ్రీరంగం దాన్ని జనానికి దోర్లీలో చెబుతాడు. జనం ఏమైనా అంటే హిందీ చేసి నాయకులకు అందిస్తాడు. ఇందుకు జీతం లేదు, వేదిక మీద కుర్చీ మాత్రం ఉంది. ఉప్పూ పొగాకూ అమ్ముకునే వాడికి ఆ కుర్చీ ఏమంత తక్కువ?

"ఎల్లుండి మీటింగంట గద సావుకారీ," అంది భీమే, గడప బయటే ఉండి.

"అవును భీమే. భయ్యాజీ వస్తున్నడు."

"నేను లేసి మాట్లాడత. మా ఆయన ఆనాడు చెప్పిన మాటలే చెప్పుత. నువ్వు హిందీల చెప్పాలె. నేను చెప్పింది చెప్పినట్టు."

శ్రీరంగం గల్లాపెట్టె మూత తీశాడు, మళ్లీ వేశాడు.

"ఆయన పేరు మీద నిలవెట్టే రాయి ఇంక తోవలనే పడి ఉన్నది," అంది ఆమె. "పెద్దమనుషులు చెప్పిండ్రు. ఆయన ఎవల దిక్కు చూపిచ్చిండో వాళ్లు పదిమందిల నోరు తెరిస్తెనే రాయి లేస్తదట. ఈ పున్నానికి లేవకుంటె ఇగ లేవదట. నువ్వు చెప్తవా, చెప్పవా? చెప్పకుంటె ఇప్పుడే చెప్పు, నేను పోత."

"చెప్తా," అన్నాడు శ్రీరంగం. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అని అతనికే అనుమానమేసింది.

ఆమె వెళ్లాక తల ఎత్తి చూశాడు. కొట్టు దూలానికి సొరకాయ బుర్ర ఒకటి వేలాడుతోంది. దాని మూతికి గుడ్డ కట్టి ఉంది. దాన్నిండా తేనె. ఐదేళ్ల కింద గంగా తెచ్చి ఇచ్చాడు. తినలేదు, అమ్మలేదు, పారేయలేదు. భార్య అన్నపూర్ణ చీమలు పడుతున్నాయని రెండుసార్లు దింపబోతే ఇంటి పెద్ద మీద చెయ్యి వేసినంత రభస చేశాడు.

జరిగింది దాచడానికి ఏముంది, శ్రీరంగం తప్ప ఊళ్లో అందరూ చెప్పుకునేదే. ఎర్రవాగు అవతల మారేడుగూడెం. గంగా ఆ ఊరి రైతు, దోర్ల గిరిజనుడు, పార్టీ సభ్యుడు కూడా. ఉత్తుత్తి సభ్యుడు కాదు, జెండా భుజానేసుకుని పది ఊళ్లు కాలినడకన తిరిగినవాడు. ఐదేళ్ల కింద ఇలాంటి వానాకాలంలోనే భోపాల్‌పట్నంలో పార్టీ సమావేశం పెట్టారు. నెల తిరిగేలోగా పెద్ద సభ చేయాలి, ఊరికి నలభై మంది చొప్పున రావాలి అని జగదల్‌పూర్ నుంచి వచ్చిన నాయకుడు భయ్యాజీ సెలవిచ్చాడు. అందరూ తలలూపుతుంటే గంగా లేచాడు.

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు సావుకారీ," అని మొదలుపెట్టాడు. "పార్టీ మాది గూడ. జెండా మోసినోళ్లం మేమే. రెండుసార్లు ఓట్లకొచ్చి వాగు మీద వంతెన కడ్తమన్నరు. వంతెన లేదు. ఉన్న దోనె పుచ్చిపోయింది. మా పెద్దలు జగదల్‌పూర్ల కూసోని మమ్ముల మర్సిపోయిండ్రు. ఓట్లప్పుడు మేము మీకు కనవడ్తం, ఆనక కనవడం. ఈ వానకాలం మేము వాగు దాటి రాము. మా తోటి పనుంటె మీరే దాటి రాండ్రి."

ఊగుతున్న తలలు ఆగిపోయాయి. సొంత పార్టీ మనిషి, సొంత పార్టీ పెద్దల్ని, మొహం మీద! భయ్యాజీకి దోర్లీ ముక్క రాదు గాని గొంతులో వేడి తెలిసినట్టుంది, "క్యా బోల్ రహా హై?" అని శ్రీరంగం వైపు తిరిగాడు. పక్కనే బ్లాకు అధ్యక్షుడు రాఘవులు ఉన్నాడు. కలప కాంట్రాక్టరు, దోర్లీ బాగా వచ్చినవాడు. అతను శ్రీరంగం వైపు ఒక చూపు చూశాడు. ఆ వారంలోనే శ్రీరంగానికి ఉపాధ్యక్ష పదవి ఇస్తారన్న మాట నడుస్తోంది.

శ్రీరంగం తండ్రి ఒకసారి రైతు మొర ఉన్నదున్నట్టు దివాన్‌కి చెప్పాడు. ఆ రైతుని స్తంభానికి కట్టి కొట్టారు. అప్పట్నుంచి ఆయన ఎవరి మాటైనా కొంచెం కొసలు తుంచి చెప్పేవాడు. కొడుక్కీ అదే నేర్పాడు, మెత్తగా చెబితే ఇద్దరూ బతుకుతారని. శ్రీరంగం ఆ పూట గంగాని కాపాడుతున్నాననే అనుకున్నాడు. పదవి సంగతి కూడా మనసులో ఉందని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

"గంగా కహతా హై," అన్నాడు, "వాగు ఎంత పొంగినా సరే, మా ఊరు ఊరంతా కదిలి భయ్యాజీ సభకి వస్తుందంటున్నాడు."

భయ్యాజీ పొంగిపోయాడు. తన మెడలో దండ తీసి గంగా మెడలో వేశాడు. చప్పట్లే చప్పట్లు. దోర్లవాళ్లు ముందు బిత్తరపోయి, తరవాత తామూ చప్పట్లు కొట్టారు. తిట్టినవాడికి దండ వేశాడంటే ఎంత పెద్ద మనసు!

గంగా కూడా అలాగే అనుకున్నాడు, అదీ గుండె కోసే సంగతి. మర్నాడు తేనె బుర్ర పట్టుకుని కొట్టుకొచ్చాడు. "మంచిగ చెప్పినవు సావుకారీ. ఇన్నేండ్లల పెద్దోళ్లు మా మాట ఇన్నది గిదే మొదలు. అయితే సభ మా ఒడ్డు దిక్కే పెడ్తరన్నట్టేనా?" అని అడిగాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. "ఆఁ, చూద్దాంలే" అన్నాడు శ్రీరంగం, బుర్ర అందుకుంటూ.

సభ రోజు వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోంది. మారేడుగూడెం నుంచి నరపురుగు రాలేదు. రాఘవులు ఊరి కాపలా చూసే కోత్వాలుని వాగు ఇవతలి ఒడ్డుకి పంపి కేక వేయించాడు, గంగా నలభై మందిని తెస్తానని ఒప్పుకున్నాడు గదా, భయ్యాజీ కూర్చుని ఉన్నాడు అని. గంగాకి తల తిరిగిపోయింది. తను అలా ఎప్పుడన్నాడు? కనుక్కొస్తానని బయల్దేరాడు. మరో ఆరుగురు తోడు వచ్చారు. పుచ్చిన దోనె నడి వాగులో చీలింది. ఆరుగురు చెట్ల కొమ్మలు పట్టుకుని తేలారు. గంగా దొరకడానికి రెండు రోజులు పట్టింది, అదీ ఇవతలి ఒడ్డున, భోపాల్‌పట్నం దిగువన.

మంచం మీద వేసి బజారు వీధిగుండా మోసుకెళుతున్నారు. దోర్లవాళ్లలో ఒక ఆచారముంది. అకాల మరణమైతే, మోసేవాళ్లు తమంతట తాము నడవరు. చనిపోయినవాడు నెట్టిన వైపు పోతారు. తన చావుకి కారణమైన గుమ్మం దగ్గర వాడే ఆపుతాడు. మంచం శ్రీరంగం కొట్టు దాటిపోయింది. దాటిపోయి ఆగింది. నలుగురు మోతగాళ్లూ ఎవరో భుజం పట్టి లాగినట్టు వెనక్కి తూలి, ఆ కొట్టు వైపు మూడడుగులు వేసి నిలబడిపోయారు. శ్రీరంగం చేతిలో తక్కెడ కింద పడింది. మంచం మీది మొహం మీద గుడ్డ తొలగి ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు, అని ఉంటే బాగుండేది.

అప్పట్నుంచి మిట్టమధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, అతనికి గడప అవతల గొంతు వినిపిస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు సావుకారీ. అంతే, అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. అటు మారేడుగూడెం వాళ్లు ఏడాది తిరిగాక గంగా పేర రాయి నిలబెట్టబోయారు. చనిపోయినవాడి పేర రాయి నిలబడితేనే వాడు తనవాళ్లలో కలుస్తాడు, లేకపోతే వాగొడ్డున తిరుగుతూ ఉంటాడు. మోస్తున్న రాయి సగం దారిలో బరువెక్కి ఎనిమిది మంది లేపినా లేవలేదు. అక్కడే వదిలేశారు.

ఈసారి సమావేశం బడి ఆవరణలో పెట్టారు. భయ్యాజీ మరో ఎన్నిక గెలిచి మరికొంచెం లావెక్కాడు. శ్రీరంగం ఇప్పుడు ఉపాధ్యక్షుడు, కుర్చీ రెండో వరసలోంచి మొదటి వరసలోకి వచ్చింది.

"భీమే నీ కొట్టుకి వచ్చిందంట. ఏంది కథ?" అన్నాడు రాఘవులు చెవిలో.

"ఏం లేదు."

"ఏం లేకుండనే ఉండాలె. చూసుకో."

భయ్యాజీ మాట్లాడాడు. మళ్లీ పెద్ద సభ, మళ్లీ ఊరికి నలభై మంది. వంతెన సంగతి ఎత్తలేదు. శ్రీరంగం అంతా దోర్లీలో చెప్పాడు. చెప్పి కూర్చోబోతుంటే భీమే లేచింది. కొంగున కట్టుకున్న కాయితం విప్పి పైకెత్తి చూపించింది. గంగా సభ్యత్వ రసీదు అది, నీళ్లలో నాని ఆరిన మరకతో.

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు సావుకారీ," అంది.

తరవాత గంగా మాటలే. వంతెన, పుచ్చిన దోనె, మర్చిపోయిన పెద్దలు, ఒక్కటీ తప్పిపోలేదు. కింద కూర్చున్న దోర్లవాళ్ల పెదవులు కదులుతున్నాయి. ఆ మాటలు వాళ్లందరికీ కంఠతా వచ్చని శ్రీరంగానికి అప్పుడు తెలిసింది. ఐదేళ్లుగా ఆ ఊరు ఊరంతా ఆ మాటల్ని దాచుకుంది. అతనికి చెవుల్లో రెండు గొంతులు వినిపించాయి, ఒకటి ఆడది, ఒకటి మగది. భయం వేసింది. రాఘవులంటే కాదు, ఆ రెండో గొంతంటే.

నిలబడి, ఒక్కొక్క ముక్కా హిందీలో చెప్పాడు. కొస తుంచలేదు. చివరి మాట, "మాతో పని ఉంటే మీరే దాటి రండి" అన్నది, భయ్యాజీ వైపు తిరిగి చెప్పాడు.

భయ్యాజీ ముందు నవ్వాడు. ఆ తరవాత నవ్వు ఆపి శ్రీరంగాన్ని తేరిపార చూశాడు. ఇరవై ఏళ్లుగా ఇక్కడికి వస్తున్నానే, ఈ జనం ఒక్కనాడైనా పార్టీని పల్లెత్తు మాట అన్నారా అని అడిగాడు. భయ్యాజీ దేవుడన్నారు, ప్రాణమిస్తామన్నారు. ఆ మాటలన్నీ నువ్వే కదా శ్రీరంగం నాకు చెప్పింది? ఇవాళ ఈ ఆడమనిషికి ఇన్ని మాటలెక్కడివి? ఇవి ఆమె మాటలా, నీవా?

ఇరవై ఏళ్ల పాటు శ్రీరంగం పోసిన తీపి అంతా ఇప్పుడు అతని మీదే సాక్ష్యం చెబుతోంది.

రాఘవులు లేచాడు. "నేను చెప్తా భయ్యాజీ. శ్రీరంగానికి ఈమధ్య ఒంట్లో బాగుండట్లేదు," అని హిందీలో అందుకున్నాడు. "భీమే ఏమంటుందంటే, తన పెనిమిటి పార్టీ కోసం ప్రాణమిచ్చాడు. వాగు ఎంత పొంగినా సరే, మా ఊరు ఊరంతా కదిలి వస్తుందంటోంది."

అదే మాట, అక్షరం పొల్లు పోకుండా. తన నోట్లో పుట్టింది శ్రీరంగం మరొకరి నోట్లోంచి విన్నాడు. భయ్యాజీ కళ్లు చెమర్చాయి. చప్పట్లు మొదలయ్యాయి. మెడలో దండ తీసి, మెట్లు దిగి, భీమే మెడలో వేశాడు.

భీమే ఆ దండ తీసి చేత్తో పట్టుకుంది. చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది. తరవాత భయ్యాజీ కళ్లలోకి చూసి హిందీలో మాట్లాడింది. సంతల్లో బేరమాడే హిందీ అది, ఆడామగా తేడా లేని హిందీ. అర్థం కాలేదని మాత్రం ఎవడూ అనలేడు.

"సావుకారీ సచ్ బోలా. రాఘవులు ఝూట్ బోలా. పుల్ నహీ, తో హమ్ నహీ ఆయేగా."

వంతెన లేకపోతే తాము రామని అలా చెప్పి, దండ బల్ల మీద పెట్టింది.

రాఘవులు కూర్చోబోయి కుర్చీ తప్పాడు. భయ్యాజీ మొహం నల్లబడింది. నీ సంగతేమిటని శ్రీరంగాన్ని అడిగాడు. అప్పుడు శ్రీరంగం చెప్పాడు. ఇవి భీమే మాటలే గాని, ఇప్పుడు నావి కూడా అన్నాడు. ఐదేళ్ల కింద గంగా ఏమన్నాడో, తను దాన్ని ఏం చేశాడో, ఎందుకు చేశాడో హిందీలో చెప్పాడు, తెలుగులో చెప్పాడు, దోర్లీలో చెప్పాడు. పదవి ఆశ కూడా చెప్పాడు. మన పార్టీలో కింద నుంచి పైకి ఒక్క నిజం ఎక్కదు, ఎక్కనివ్వకుండా ఉన్నందుకే నాకు ఈ కుర్చీ ఇచ్చారు, అన్నాడు. మారేడుగూడెం వాళ్లు లేచి ఒక్కరొక్కరే బయటికి నడిచారు. ఆ సాయంత్రానికి శ్రీరంగాన్ని పార్టీ నుంచి తీసేశారు.

గేటు దగ్గర భీమేని ఆపి అడిగాడు. "నీకు హిందీ వచ్చుగదా. నాతో ఎందుకు చెప్పించినవు?"

"ఐదేండ్లు బజార్ల తిరిగి నేర్సుకున్న. మా మాట ఇంకొకల చేతుల పెట్టొద్దని," అంది. "ఇయ్యాల నీతోని చెప్పిచ్చింది నా కోసం గాదు, ఆయన కోసం. పున్నం నాడు రా. నువ్వు గూడ పట్టాలె."

పున్నమి నాడు శ్రీరంగం తేనె బుర్ర పట్టుకుని వాగు దాటాడు. కొత్త దోనె చెక్కుకున్నారు వాళ్లే. రాయి దారి పక్కన గడ్డిలో పడి ఉంది. ఎనిమిది మంది వంగారు, అతనూ ఒక వైపు భుజం పెట్టాడు. రాయి లేచింది. తేలికైందని, దూదిలా ఉందని చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తూ అరిచారు. శ్రీరంగానికి మాత్రం రాయి రాయంత బరువే ఉంది. అయినా వదల్లేదు. ఊరి పక్కన తవ్విన గుంట దాకా మోశాడు.

రాయి నిలబడింది. పెద్దవాళ్లు బియ్యం చల్లారు, ఇప్పసారా పోశారు. శ్రీరంగం బుర్ర గుడ్డ విప్పి, నల్లబడిన తేనె రాయి మొదట్లో పోశాడు. పోస్తుంటే ఏడుపొచ్చింది. ఐదేళ్లలో అతను ఏడవడం అదే మొదలు. ఇక అయిపోయిందనుకున్నాడు. చేతులు తుడుచుకుని లేవబోయాడు.

"ఇంకొకటున్నది," అంది భీమే. "ఆనాడు నువ్వు హిందీల ఏం చెప్పినవో అది ఆయన ముంగట చెప్పు."

"మీటింగులో చెప్పినా గదా భీమే. అందరూ విన్నరు."

"అందరిన్నరు. ఆయన ఇనలె. నువ్వు మంచిగ చెప్పినవనుకుంటనే పోయిండు. మా భాషల చెప్పు."

ఎంత మెత్తగా అడిగిందంటే, తప్పించుకోవడానికి దారి లేదు. శ్రీరంగం రాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎన్ని సభల్లో ఎంతమంది మాటల్ని అటూ ఇటూ చేర్చిన నోరు, ఆ ఒక్క వాక్యం దగ్గర మూడుసార్లు ఆగిపోయింది.

"గంగా అంటున్నడు," అన్నాడు దోర్లీలో, "వాగు ఎంత పొంగినా సరే... మా ఊరు ఊరంతా కదిలి వస్తదని."

భీమే రాయి మీద చెయ్యి వేసి కాసేపు ఉంది, చెవిటివాడికి చెప్పిన మాట అందిందో లేదో చూసుకుంటున్నట్టు. తరవాత అతని వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు.

"ఇన్నడు," అంది. "ఆ మాట మా ఆయనది గాదు సావుకారీ. ఇన్నేండ్లు ఆయన పేరు మీద ఉండె. ఇగ నీది నువ్వు తీస్కపో."

మర్నాడు మధ్యాహ్నం శ్రీరంగం కొట్లో కూర్చుని ఎదురుచూశాడు. గిరాకీ లేదు. దూలానికి బుర్ర లేదు. గడప అవతల ఎవరూ లేరు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు అన్న గొంతు రాలేదు. గంట గడిచినా రాలేదు. గంగా నిజంగానే వెళ్లిపోయాడు. శ్రీరంగం గోడకి చేరబడి, ఐదేళ్ల తరవాత మొదటిసారి నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు.

లోపల్నుంచి అన్నపూర్ణ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఖాళీ కొట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరితోనండీ మాట్లాడుతున్నరు, హిందీల?" అంది. "వాగంటరు, ఊరంతా వస్తదంటరు. ఎవరొస్తరు?"